భుజాలు తడుముకున్న మనిషి

కోర్టు తీర్పుల్లో నేను ఇష్టంగా చదివేది మొదట్లో వచ్చే ‘వాస్తవాలు’ అనే భాగం. లాయర్లు దాన్ని గబగబా దాటేసి సూత్రం దగ్గరికి పోతారు. కథలు చదివే అలవాటున్నవాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోతారు. జడ్జి ఎవరి పేరు రాశాడు, ఎవరి పేరు వదిలేశాడు, దేన్ని ఒక్క వాక్యంలో తేల్చేశాడు, దేనికోసం డబ్బా సైజు దాకా వెళ్ళాడు? ఏ కథకుణ్ణైనా మనం అడిగే ప్రశ్నలే ఇవి.

అలా చదవాల్సిన తీర్పు ఒకటుంది. ఎన్ఎల్ఆర్‌బీ వర్సెస్ జె. వైన్‌గార్టెన్. 1975 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చింది. మెజారిటీ తీర్పు రాసినవాడు జస్టిస్ విలియం బ్రెన్నన్.

సూత్రం ముందే చెప్పేస్తాను, దాంతో కథ చెడదు. యూనియన్ ఉన్నచోట పనిచేసే మనిషిని యాజమాన్యం గదిలోకి పిలిచి ప్రశ్నలు వేస్తోంది. ఆ జవాబుల వల్ల సస్పెన్షనో, ఉద్యోగం పోవడమో, ఇంకేదైనా శిక్షో రావచ్చని ఆ మనిషికి అనిపించడానికి తగిన కారణం ఉంది. అప్పుడు ‘మా యూనియన్ ప్రతినిధిని పిలవండి’ అని అడగొచ్చు. అడిగాక యాజమాన్యం ఆ ప్రతినిధిని రానివ్వాలి, లేదా ఇంటర్వ్యూ మానేసి తనకు తెలిసిన దానితోనే నిర్ణయం తీసుకోవాలి. ప్రతినిధి లేకుండానే మాట్లాడతావా అని ఆ మనిషినే అడగొచ్చు కూడా. ఇంతే సూత్రం.

ఇక కథ. హ్యూస్టన్ కేంద్రంగా నడిచే ఓ సూపర్ మార్కెట్ల సంస్థ. వాళ్ళ 98వ నంబరు స్టోర్‌లో తిండి పదార్థాలు అమ్మే కౌంటర్ దగ్గర కాలిన్స్ అనే ఆవిడ పనిచేస్తోంది. 1961 నుంచి సంస్థలో ఉంది, తొమ్మిదేళ్ళు వేరే స్టోర్‌లో చేసి ఇక్కడికి బదిలీ అయింది. క్యాష్ రిజిస్టర్లోంచి డబ్బు తీస్తోందని ఎవరో చెప్పారు. 1972 జూన్‌లో సంస్థ తన ‘లాస్ ప్రివెన్షన్ స్పెషలిస్ట్’ని పంపింది. స్టోర్ మేనేజర్‌కి కూడా తెలియకుండా ఆయన రెండు రోజులు కాపు కాశాడు. ఏమీ దొరకలేదు.

అక్కడితో అయిపోవాల్సిందే. కానీ అప్పుడే మేనేజర్ ఇంకో సంగతి చెప్పాడు. కాలిన్స్ 2.98 డాలర్ల చికెన్ డబ్బా తీసుకుని రిజిస్టర్లో ఒక్క డాలరే వేసిందని తోటి ఉద్యోగిని ఫిర్యాదు. కాలిన్స్‌ని గదిలోకి పిలిచారు. ఆవిడ యూనియన్ ప్రతినిధిని పిలవమని చాలాసార్లు అడిగింది, కుదరదన్నారు. నేను కొన్నది డాలరుకి వచ్చే నాలుగు ముక్కలే, చిన్న డబ్బాలు అయిపోతే పెద్ద డబ్బాలో పెట్టాను, చర్చిలో విందు కోసం కొన్నాను అని చెప్పింది. స్పెషలిస్ట్ బయటికెళ్ళి ఫిర్యాదు చేసినావిడనే అడిగాడు. చిన్న డబ్బాలు అయిపోయిన మాట నిజమే, లోపల ఎన్ని ముక్కలున్నాయో తనకు తెలియదు అంది. ఆయన తిరిగొచ్చి, నువ్వు చెప్పింది సరిపోయింది, ఇబ్బంది పెట్టి ఉంటే సారీ, విషయం ముగిసింది అన్నాడు.

తీర్పు మొత్తంలో గొప్ప వాక్యం దీని తర్వాతదే. కాలిన్స్ భోరున ఏడ్చేసింది. ఈ షాపులో నేను డబ్బివ్వకుండా తీసుకున్నదల్లా మధ్యాహ్నం నాకిచ్చే ఫ్రీ లంచ్ ఒక్కటే అనేసింది. ఆ లంచ్ సంగతి వాళ్ళకి తెలియదు. పాత స్టోర్‌లో ఉచిత భోజనం ఉండేది, ఇలాంటి స్టోర్లలో ఇవ్వకూడదని సంస్థ పాలసీ. మళ్ళీ ప్రశ్నలు మొదలు. మళ్ళీ ప్రతినిధిని అడిగింది, మళ్ళీ కాదన్నారు. ఇన్నాళ్ళ భోజనాలకీ లెక్కకట్టి సుమారు 160 డాలర్లు బాకీ అని కాగితం రాశారు. ఆవిడ సంతకం పెట్టలేదు.

మన సామెత గుర్తొస్తుంది కదా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఆ సామెత దృష్టిలో తడుముకున్నవాడే దొంగ. బ్రెన్నన్ కథ ఆ సామెతని తిరగేస్తుంది. ఆ విభాగంలో దాదాపు అందరూ, విభాగం మేనేజర్‌తో సహా, డబ్బు కట్టకుండానే తింటున్నారు. తినకూడదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. ఇంటర్వ్యూ మధ్యలో హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే, ఆ పాలసీ 98వ స్టోర్‌కి వర్తిస్తుందో లేదో తమకే సరిగ్గా తెలియదన్నారు. అంటే అక్కడ దొంగే లేడు. గదిలో కూర్చోబెట్టి దొంగతనం గురించి అడుగుతుంటే ఏ మనిషైనా తన లెక్కలన్నీ వెతుక్కుంటుంది. నిజాయితీ ఎక్కువైనకొద్దీ ఇంకా లోతుగా వెతుక్కుంటుంది.

బ్రెన్నన్‌తో నా పేచీ ఇక్కడే. ప్రతినిధి ఎందుకు కావాలో చెప్తూ, ఒంటరి ఉద్యోగి భయంతోనో, మాట రాకనో, తెలియకనో జరిగింది సరిగ్గా చెప్పుకోలేకపోవచ్చు అంటాడు. కానీ తను రాసిన కథలో కాలిన్స్ అలాంటి మనిషి కాదు. డబ్బాల సంగతి శుభ్రంగా చెప్పింది, చెప్పింది నిజమని తేలింది కూడా. ఆవిడకి దెబ్బ తగిలింది మాట రాక కాదు, అడగనిది కూడా చెప్పెయ్యడం వల్ల. ఆ గదిలో ఆవిడకి తన తరఫున మాట్లాడే గొంతుకంటే, విషయం ముగిసింది అన్న క్షణంలో ‘పద, వెళ్దాం’ అని లేచే మనిషి ఎక్కువ అవసరం.

బ్రెన్నన్ ఇంకో కారణం కూడా చెప్తాడు. కథకి అసలు సరిపోయేది అదే. ప్రతినిధి కాపాడేది ఆ ఒక్కరినే కాదు, యాజమాన్యం అన్యాయంగా శిక్షలు వేసే అలవాటు చేసుకోకుండా చూస్తూ అందరినీ కాపాడతాడు అంటాడు. 160 డాలర్ల లెక్క పక్కన పెట్టి చదవండి. అందరూ తిన్న భోజనం బాకీ ఒక్కరి పేరు మీద పడింది. ‘అందరం తింటున్నాం కదా’ అనే ఒక్క మాట ఆ గదిలో లేకపోయింది. 1935 నాటి కార్మిక చట్టం ఏడో సెక్షన్ ఇచ్చే సమష్టి కార్యాచరణ హక్కు అంటే ఆ మాటే. జస్టిస్ పావెల్ ఒప్పుకోలేదు. ఇలాంటి వ్యక్తిగత ఇంటర్వ్యూ సమష్టి చర్య కాదు, కావాలంటే యూనియన్, యాజమాన్యం బేరమాడి రాసుకోవాలి అన్నాడు. తీర్పు 6-3తో నిలిచింది.

ఆ హక్కు చిన్నది, దాని హద్దులు చూడాలి. అడిగితేనే ఉంటుంది, నీకీ హక్కుంది అని యాజమాన్యం చెప్పక్కర్లేదు. ముందే నిర్ణయించిన సస్పెన్షన్ కాగితం చేతికివ్వడానికే పిలిస్తే వర్తించదు. ప్రశ్న ఉన్నచోటే హక్కు. యూనియన్ లేని ఆఫీసుల సంగతైతే మరీ విచిత్రం. అమెరికా కార్మిక బోర్డు వాళ్ళకీ ఈ హక్కుందని 1982లో అంది, 1985లో కాదంది, 2000లో మళ్ళీ ఇచ్చింది, 2004లో మళ్ళీ తీసేసింది. ఆ చివరి కేసు పేరు ఐబీఎం. అక్కడి ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ళలో ఎక్కువమందికి యూనియన్ లేదు కాబట్టి, హెచ్ఆర్ పిలిచిన గదిలోకి వాళ్ళు ఒక్కరే వెళ్తారు.

ఇంకో సంగతి. ఈ హక్కుని అందరూ ‘వైన్‌గార్టెన్ హక్కు’ అంటారు. అది కాదన్న కంపెనీ పేరు. అడిగినావిడ పేరు తీర్పు లోపల ఉంది, బయట లేదు. ఫిర్యాదు చేసిన తోటి ఉద్యోగినికి లోపల కూడా పేరు లేదు. రేపటి నుంచి ఆ ఇద్దరూ ఒకే కౌంటర్ వెనక ఎలా నిలబడ్డారో బ్రెన్నన్ చెప్పడు. ఆ కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

వాస్తవాల భాగం చివర్లో మేనేజర్ ఒక కోరిక కోరతాడు. ఇది నీకూ కంపెనీకీ మధ్య విషయం, ఇంకెవరితోనూ అనకు అంటాడు. కాలిన్స్ వెళ్ళి, జరిగినదంతా యూనియన్ వాళ్ళకి చెప్పేసింది. గదిలో ఆవిడ ఎక్కువ మాట్లాడటం చేటు తెచ్చింది. గది బయట అంతే వివరంగా మాట్లాడబట్టే ఈ కేసు పుట్టింది.