కెనడా పౌరసత్వ ప్రమాణవాక్యము

పరదేశమునుండి వచ్చి కెనడాలోఁ బౌరసత్వము నొందఁగోరువారు తుదకొక ప్రమాణము చేయవలెను. ఆ ప్రమాణవాక్యము 2021వ సంవత్సరము జూన్ 21వ తేదిని శాసనమూలమున మాఱినది. ఆ దేశమున ముందునుండి యున్న జాతుల నామము లప్పుడే యందుఁ జేరినవి. వాక్యము చిన్నదే యైనను, నొక్కపదము మాఱినచో నొకజాతి హక్కు పలుకఁబడుటయో విడువఁబడుటయో జరుగును గావునఁ బరిశీలింపఁదగినది.

ఆదివాసుల బిడ్డలను దల్లిదండ్రులనుండి వేఱుచేసిన వసతిపాఠశాలల చరిత్రను విచారించిన సంఘము 2015లోఁ జేసిన 94 సూచనలలోఁ గడపటిది యీ మార్పునకు మూలము. దేశశాసనములను, అందుఁ జేరిన యాదివాసుల యొడంబడికలను బాటింతునని నవాగతుఁడు పలుకవలెనని సంఘము గోరినది. పార్లమెంటు అంగీకరించిన పాఠము వేఱు. ఇందు శాసనములతోఁ బేర్కొనఁబడినది రాజ్యాంగము. అది ఫస్ట్ నేషన్స్, ఇన్యూయిట్, మేటీ జనుల యాదివాసహక్కులను, ఒడంబడికహక్కులను గుర్తించి స్థిరపఱచునదని చెప్పఁబడినది. 1982 నాఁటి రాజ్యాంగశాసనమందలి 35వ ప్రకరణమే దీనికాధారము.

మొదటి పాఠమున నొడంబడికలు 'పాటింతును' అను క్రియకుఁ గర్మములు. రెండవదానఁ గర్మము రాజ్యాంగము; హక్కులు దాని విశేషణమున నిమిడినవి. కావునఁ గ్రొత్తపాఠము బలహీనమని తోఁపవచ్చును. కాని బ్రిటిష్ కొలంబియాలోఁ జాలభాగమున నొడంబడికలే జరుగలేదు. వాంకూవరు నగరము మస్క్వియం, స్క్వామిష్, త్స్లేల్-వాటూత్ జనులు ఎన్నఁడును విడిచియీయని భూమిపై నున్నది. ఒడంబడికలను మాత్రమే చెప్పిన పాఠమున నట్టివారికిఁ జోటుండదు. అంగీకృతపాఠము సూటిదనమునఁ దగ్గినను, వ్యాప్తియందు మిన్న.

లోపములు రెండు మిగిలినవి. వాక్యమున హక్కులు గలవు గాని 'భూమి' యను శబ్దమే లేదు. మఱియు నా దేశమునఁ బుట్టి పౌరుఁడైనవానికి నీ ప్రమాణముతోఁ బనిలేదు. ఆ భూముల నాక్రమించినవారి సంతతి మౌనముగా నుండఁగా, నిన్న వచ్చినవాఁడు మాట యిచ్చుచున్నాఁడు.

ఈ ప్రమాణము చేసినవారిలోఁ దెలుఁగువారును గలరు. వారు ట్రీటీ యను పదమునకు 'సంధి' యని యర్థము చెప్పుకొనిన, ముగిసిన యుద్ధమే మనసునకు వచ్చును. 'ఒడంబడిక' యనుట మేలు. ఒడంబడుట యిరుపక్షముల పని, కట్టుబాటును నిరుపక్షములది. పౌరుఁడైన క్షణముననే నవాగతుఁ డందొక పక్షమునఁ జేరును. పుట్టుకచేఁ బౌరుఁడైనవాఁడును నా పక్షమువాఁడే. అతనిచే నా మాట పలికించు వాక్యము మాత్ర మింకను వ్రాయఁబడలేదు.