పోటు తెచ్చే పిట్టలు

సముద్రతీరంలో పిట్టల్ని చూడాలంటే బైనాక్యులర్ కంటే ముందు పంచాంగం చేతిలో ఉండాలి. అడవిలోనైతే పిట్టను వెతుక్కుంటూ మనం వెళ్తాం. తీరంలో సరైన చోట, సరైన వేళకి కూర్చుంటే చాలు, దాన్ని నీరే మన దగ్గరికి తోలుకొస్తుంది.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ నడుమ దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ్టి పోటు రేపు ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా ఎక్కి, అంతే బాగా తీస్తుంది. అష్టమి దగ్గరకొచ్చేసరికి మందగిస్తుంది. తరాలుగా వేటకెళ్తున్న మత్స్యకారులకి తిథి చెబితే నీటి వేళ తెలిసిపోతుంది. పక్షి పరిశీలకులు ఇప్పుడు ఫోన్లలో చూసుకునే పట్టికలు చెప్పేదీ ఆ లెక్కే. నా మటుకు తీరంలో తొలి గురువులు ఆ మత్స్యకారులే.

కాకినాడ సంగతి చూడండి. దక్షిణాన కోరింగ మడ అడవులు, సముద్రం వైపు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, మధ్యలో లోతు తక్కువ నీళ్లు. పాటు వేళ మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. శీతాకాలంలో సైబీరియా, మధ్య ఆసియాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టలు ఆ బురద నిండా చెదిరిపోయి మేస్తుంటాయి. ఆ సమయంలో వెళ్తే దూరాన కదిలే చుక్కలు తప్ప ఏమీ కనపడవు. పోటు నిండటానికి రెండు గంటల ముందు వెళ్లాలి. ఎండ వీపున పడేలా కూర్చోవాలి. నిలబడొద్దు, ముందుకి నడవొద్దు. నీరు ఎక్కే కొద్దీ మేత నేల కుంచించుకుపోయి పిట్టలన్నీ వాటంతటవే మనవైపు జరుగుతూ వస్తాయి.

అప్పుడు రంగులు చూడటం మానేసి మేత తీరు చూడండి. చలికాలంలో అన్నిటికీ ఒకటే బూడిద రంగు, రంగుతో పోల్చుకోబోతే తికమకే. పొట్టి ముక్కు ప్లవర్ నాలుగడుగులు పరిగెత్తి, ఠక్కున ఆగి, కంటికి కనిపించినదాన్ని పొడుచుకుంటుంది. గాడ్‌విట్ ముక్కు మొదలంటా బురదలోకి దించి, కొనకి తగిలే స్పర్శతో పురుగును పట్టేస్తుంది. కర్ల్యూది వంకీ తిరిగిన పొడవాటి ముక్కు. పీత బొరియ ఎంత వంకరగా ఉన్నా లోపలికి పోతుంది. దొరికిన పీతను అది వెంటనే మింగదు. ఒక కాలు పట్టుకుని విదిలిస్తుంది, కాలు ఊడిపోతుంది. మళ్లీ పట్టుకుని మళ్లీ విదిలిస్తుంది. కాళ్లన్నీ రాలిపోయాక మిగిలిన డొప్పను గుటుక్కున మింగుతుంది. ముక్కు పొడవును బట్టి ఎవరి లోతు వాళ్లది. అందుకే అన్ని రకాల పిట్టలు అదే బురదలో పెద్దగా కొట్లాడుకోకుండా బతకగలుగుతున్నాయి.

ఫొటో కోసం మందను లేపే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేల మైళ్ల తిరుగు ప్రయాణానికి ఆ పిట్టలు ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. మన తీరానికి కూడా వచ్చే బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ జాతి పిట్ట ఒకటి, 2022లో అలస్కా నుంచి టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. ఊరికే లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టిన దాంట్లోంచే ఖర్చవుతుంది.

మందను లెక్కపెట్టడానికీ ఒక పద్ధతుంది. ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. ఆ కొలతతో మందంతా కొలుచుకుంటూ పోవాలి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, అందులో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. ఇలాంటి లెక్కల విలువ ఎంతో గ్రేట్ నాట్ అనే పిట్ట కథ చెబుతుంది. దక్షిణ కొరియాలో సేమాంగుమ్ బురద నేలను 2006లో సముద్రపు గోడతో మూసేశారు. దారిలో ఆగి మేసే ఆ చోటు పోయాక ఈ పిట్టలు ఎన్ని తగ్గిపోయాయో తీరాల్లో కూర్చుని లెక్కపెట్టిన వాళ్ల వల్లే తెలిసింది. ఇప్పుడు గ్రేట్ నాట్ అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది.

పులికాట్ మరో లోకం. శ్రీహరికోట రోడ్డు మీంచే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. దగ్గర్లోని నేలపట్టు చెరువు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. ఇక్కడ మాత్రం తిథి కంటే వాన ముఖ్యం, చెరువు నిండితేనే పిట్ట నిలుస్తుంది. అటు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాళ్లకి ఈ పక్షులు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు.

విశాఖ రాళ్ల తీరంలో పాటుకి ముందే దిగి, నీరు తిరగ్గానే ఒడ్డెక్కాలి. గుంటల్లో సముద్రపు పూలూ పీతలూ కనిపిస్తాయి. రాయి తిప్పి చూస్తే మళ్లీ ఉన్నదున్నట్టు పెట్టాలి, లేకపోతే దాని అడుగున బతికేవి ఎండకి చచ్చిపోతాయి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఒడ్డెక్కుతాయి. వాటికోసం లైటు వెయ్యకుండా తడి ఇసుక పక్కన నడుస్తూ జాడ చూడాలి. కుడి ఎడమ తెడ్డు గుర్తులు ఒకదాని తర్వాత ఒకటిగా పడి ఉంటే అది రిడ్లేదయ్యే అవకాశమే ఎక్కువ. గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోకూడదు, బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. పెడితే వందకి అటూ ఇటూ పెడుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. వెలుతురున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి. బీచ్ రోడ్డు దీపాలు వాటిని పక్కదారి పట్టిస్తాయి.

ఆ నెలల్లోనే చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవి వాటిలో చాలా ఉంటాయి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి వాటి గుడ్ల కాలం చాలావరకు అయిపోతుంది. వలకి తాబేలు బయటపడే దారి పెట్టాలని అడగడానికి ఆధారం కావాలి. అందుకని చచ్చిన తాబేలు కనిపిస్తే తేదీ, చోటు, డొప్ప పొడవు, ఒంటి మీద గాయాలు రాసుకోండి. దాన్నే రేపు ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టకుండా డొప్ప మీద రంగుతో ఒక గీత గీసి, అటవీశాఖకి కబురు చెయ్యండి.