కథ విని కోపించిన రాజు

సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయములో నాతాను ప్రవక్త చెప్పిన గొఱ్ఱెపిల్ల కథను మీరు అనేక మారులు వినియున్నారు. అది వినువాని హృదయములో ఎట్లు పనిచేసెనో ఈ మాసము గమనింతము.

ధనవంతుని మందలను నాతాను ఒక్క మాటతో ముగించెను. బీదవాని గొఱ్ఱెపిల్లనైతే అతని అన్నపు ముద్దయొద్దను, గిన్నెయొద్దను, కౌగిటిలోను కనుపరచెను. ఒకప్పుడు గొఱ్ఱెలు కాచిన దావీదునకు అది చాలును. కథలో ఎవరి పేరును లేదు. అంతేకాదు, జరిగిన సంగతికి ఆ కథ సరిగా పోలియుండదు. కథలో చచ్చినది గొఱ్ఱెపిల్ల. జరిగినదానిలో చంపబడినవాడు ఊరియా, అనగా ఆ బీదవాడే. ఇది కథలోని లోపమని కొందరనుకొనవచ్చును. నేనట్లు తలంచను. పూర్తిగా పోలినయెడల రాజు మొదటి మాటకే చెవులు మూసికొనును. పోలిక కొంత మఱుగైనందుననే అతడు జంకులేక తీర్పు చెప్పెను, నాలుగంతలు చెల్లింపవలెననెను.

అయితే ఒకటి చూడుడి. ఊరియా చావునకు కరగని హృదయము కథలోని గొఱ్ఱెపిల్లకు కరిగెను! కథ విని కోపించుట, కన్నీరు విడుచుట సులభము. అందుకు మనము ఏమియు చెల్లింపనక్కరలేదు. కూలివాని కూలి బిగబట్టినవాడును, పొరుగువాని పొలముగట్టు జరిపినవాడును ఈ కథ విని ఆ ధనవంతుని తిట్టుచు ఇంటికి పోవచ్చును. అట్టివాడు కథను విన్నాడే గాని గ్రహింపలేదు.

దావీదు గొప్పతనము అతని కోపములో లేదు. కథ తనవైపు తిరిగినప్పుడు పాపమును ఒప్పుకొనుటలో ఉన్నది. కాబట్టి కథ చదువునప్పుడు మీకు ఎవరిమీద కోపము వచ్చునో అక్కడనే ఆగి, మీ యింటి లెక్కను ఒకసారి చూచుకొనుడి.