పాఠమునకు పాఠమునకు నడుమ

దూరదర్శనముపై బాలబాలికలకు ప్రసారమైన పాఠములను గూర్చి గ్రంథములు వెలసినవి, పరిశోధనలు సాగినవి. కాని ఒక పాఠము ముగిసి వేఱొకటి మొదలగునంతవఱకు తెరపై నిలిచియుండు బొమ్మను, దానివెంట సన్నగా వినవచ్చు వాద్యధ్వనిని, తఱిగిపోవు కాలమును కన్నులకు గట్టించు గుర్తును తీర్చిదిద్దినవారిని తలచుకొనువారు అరుదు. చిరకాలము బడిపంతులుగా బ్రతికిన నాకు, ఆ నడిమి నిమిషమును కూర్చుట పాఠమును కూర్చుటకంటె తక్కువ విద్య కాదనియు, పాఠము తెరమీది అధ్యాపకునిది కాగా ఆ నిమిషము మాత్రము తరగతిగదిలోని పంతులుదనియు, దానిని అతనినుండి లాగికొనుట బోధనకే లోటనియు గాఢమైన నమ్మకము కలదు.

ఆ విరామము మొదట యంత్రముల అవసరమునుండి పుట్టినది. వెనుకటి వీడియో టేపు యంత్రము మీట నొక్కిన క్షణముననే నిలుకడగల బొమ్మ నీయజాలదు. చక్రములు వేగమందుకొని బొమ్మ కుదురుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. అందువలన కార్యక్రమమునకు ముందు టేపుమీద సెకండ్ల ముల్లు తిరుగు గడియారమును చిత్రించి, దానిని చూచుచు నియంత్రణ గదిలోనివారు లెక్కించుకొని ప్రసారమును అందుకొనెడివారు. ఆ గడియారము ప్రేక్షకునికి కనబడరాదు గనుక అంతసేపును తెరపై వేఱేదియో నిలుపవలసి వచ్చెడిది. సాధారణ ప్రసారములందు ఆ ఖాళీని వ్యాఖ్యాత్రి పలుకులును, పూలబొమ్మలును, ప్రకటనలును నింపినవి. బడుల ప్రసారమున అది చాలదు. అచ్చట ఒక తరగతి లేచిపోయి వేఱొక తరగతి వచ్చి కూర్చుండవలెను. వెలుతురు తెరపై పడకుండ కిటికీ మూయవలెను. వెనుక వరుసలోని పొట్టివానిని ముందునకు పిలువవలెను. అట్టి వేళ పంతులునకు కావలసినది వినోదము కాదు, ఇంకెంత సమయమున్నదో తెలియుట.

ఈ సంగతిని గ్రహించి దానికొక రూపమిచ్చినవారిలో ఆంగ్లేయులు ముందువారు. బ్రిటనులో బడుల టెలివిజన్ ప్రసారములను 1957 మే నెలలో అసోసియేటెడ్ రీడిఫ్యూజన్ అను వాణిజ్య సంస్థయు, ఆ సెప్టెంబరులో బి.బి.సి.యు ప్రారంభించినవి. 1960లలో బి.బి.సి. వారు విరామచిత్రముగా ఒక వలయమును నిలిపిరి. సమయము సాగినకొలది అది ముక్కముక్కగా తఱుగుచుండును, పూర్తిగా మాయమైనప్పుడు పాఠము మొదలగును. 1977 నుండి చుక్కల వలయము వచ్చినది, చుక్కలొక్కొక్కటియే తొలగిపోవును. గడియారము చూచుట రాని అయిదేండ్ల బాలుడు సైతము ఇంకెంత మిగిలినదో చెప్పగలడు; పంతులు కసరనక్కఱలేకయే తరగతి తనంతట తాను కుదురుకొనును. మా ప్రాంతమున ఒగ్గుకథ చెప్పువారు ఒక ఘట్టము ముగియగానే, జనము సర్దుకొని కూర్చుండువఱకు డోలు వాయించుచునే యుందురు. కథ అప్పుడును ఆగినట్లు కాదు. ఆ వలయమును గీసినవానికిని ఆ డోలు వాయించువానికిని తెలిసిన విద్య యొక్కటియే యని నా యభిప్రాయము.

మన దేశమున 1961 అక్టోబరులో ఢిల్లీ బడులకు టెలివిజన్ పాఠములు మొదలైనవి. పల్లెటూరి తెలుగు పిల్లల వఱకు అవి చేరుటకు 1975 ఆగస్టు 1వ తేదీ రావలసివచ్చినది. ఆనాడు ఆరంభమై మఱుసటి యేడు జూలై 31 వఱకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమును అందఱును ‘సైట్’ అనియే పిలిచిరి. అమెరికావారు ఎరవిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహము ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు సూటిగా బొమ్మను పంపినది, కోళ్ళగూళ్ళకు వాడు ఇనుపవలతో అల్లిన పదడుగుల గొడుగు ఆ బొమ్మను పట్టినది, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారు నిర్మించిన పెట్టె దానిని చూపినది. ఉదయమున గంటన్నర బడిపిల్లలది. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడములు నాలుగును ఆ గంటన్నరను పంచుకొనగా ఒక్కొక్క భాషకు 22½ నిమిషములు దక్కినవి.

ఈ లెక్కను నేను పలుమాఱు తలపోసియున్నాను. ఉపగ్రహ మొక్కటి, దారి యొక్కటి; కావున తెలుగు బడికి తన పాఠము 22½ నిమిషములు కాగా, మిగిలిన గంటకు మించిన కాలమంతయు ఇరుగుపొరుగుల భాషలది. ఒడియా పల్లెకు పాఠమైనది తెలుగు పల్లెకు విరామము. తెలుగు పల్లెకు పాఠమైనది కన్నడ పల్లెకు విరామము. పెట్టెను ముందుగనే వెలిగించి బొమ్మ సరిగా వచ్చుచున్నదో లేదో చూచుకొను పంతులు, భాష తెలియని పాఠమును ఎదుట నుంచుకొని తన పిల్లలను సిద్ధపఱచుకొనవలసియుండెను. ప్రపంచమున మఱెచ్చటనైన ఇట్టి విచిత్ర విరామము ఏ తరగతికైన కలిగినదా యని ఆశ్చర్యము కలుగును. అంతే కాదు, కొన్ని ప్రసారములందు తెలుగు కన్నడములకు ఒకే దృశ్యమును పంపి, దానికి రెండు ధ్వనిమార్గములను జతపఱచు ఏర్పాటును అందుండెను. అట్టి దృశ్యముపై ఏ లిపిలో వ్రాసినను సగము పల్లెలకు అది పరాయిదే యగును. బొమ్మయు, కదలికయు, స్వరమును మాత్రమే ఉభయులకును సొంతము. అక్షరముపై ఆధారపడక కాలమును తెలుపు చిత్రము ఎంత విలువైనదో ఇచ్చట స్పష్టమగుచున్నది.

ఆ ప్రయోగముననే 1975 అక్టోబరులోను 1976 వేసవిలోను దాదాపు 50 వేలమంది ఉపాధ్యాయులకు విజ్ఞానబోధనలో శిక్షణ నిచ్చిరి. తెరపై పాఠము, రేడియోలో ప్రసంగము, చేతిలో అచ్చుపుస్తకము, ఇవి యొక యెత్తు. పిదప పెట్టెను ఆర్పి తమ చేతులతో తామే ప్రయోగములు చేసికొనుట ఒక యెత్తు. ప్రసారముకంటె ప్రసారము లేని వేళకే ఎక్కువ పని నప్పగించిన ఆ యోచన నాకు మిక్కిలి ప్రియమైనది.

మా ఊరైన సిరొంచ ఆ ప్రయోగమున లేదు. మహారాష్ట్రమే అందు చేరలేదు. ప్రాణహిత గోదావరిలో కలియు చోట, ఆవలి యొడ్డున కాళేశ్వరమును పెట్టుకొని, ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమై వెలిగిన మా ఊరు నాటికి చంద్రపూర్ జిల్లాలో నుండెను. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా యేర్పడగా అందులోనికి వచ్చినది. అంకీస, ఆసరల్లి మొదలుకొని ఈ తాలూకాలోని పెక్కు ఇండ్లలో తెలుగు; లోపలి అడవిపల్లెలలో మాడియా; బడిలో మరాఠీ. ఇట్టిచోట తెరపాఠము మరాఠీలో వచ్చినప్పుడు నడిమి నిమిషము కేవలము సర్దుకొనుటకు మాత్రమే కాదు. ‘ఇగ వానెట్ల పడుతదో సూపిస్తరు. మన ప్రాణహిత నీళ్ళు మీదికెట్ల పోతయో మంచిగ సూడుండ్రి’ అని పంతులొక్కమాట ఇంటిభాషలో వేయుటకును ఆ నిమిషమే ఆధారము. ఆ మాట ముందు పడినచో పదిహేను నిమిషముల మరాఠీ పాఠమును పిల్లలు చేయిపట్టుకొని నడచినట్లే నడతురు. పడనిచో మంచి బొమ్మలను చూచి లేచిపోవుదురు. ఈ భేదమును నేను నా తరగతిలోనే మరల మరల చూచితిని. ‘సారూ, అర్థమైంది, మా బాయి కాడ గూడ గట్లనే ఉంటది’ అని పాఠము నడుమనే కేకవేసిన పిల్లలు ముందటి మాట విన్నవారే.

ఇక తెరపై నిలుచు తెలుగు అక్షరముల సంగతి. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. కంప్యూటరు అక్షరములు రాకముందు శీర్షికలన్నియు చేతివ్రాతలే. నల్లని అట్టపై తెల్లని రంగుతో చిత్రకారుడు వ్రాసిన అక్షరములను కెమెరా ఎదుట నిలిపెడివారు. తెరబొమ్మ 625 గీతలుగా, బేసిగీత లొకమాఱు సరిగీత లొకమాఱుగా గీయబడును. కాబట్టి ఒకే గీత మందముగల అడ్డగీటు సెకండునకు 25 మాఱులు వెలిగి ఆఱుచు కన్నులను వేధించును. తెలుగుకు పైన గుడులు, క్రింద ఒత్తులు. సన్నగా వ్రాసిన అవి అదరును, లావుగా వ్రాసిన ఒకదానినొకటి మ్రింగును. పంక్తికి పంక్తికి నడుమ చోటెక్కువ విడిచిన అట్టపై నాలుగు మాటలే పట్టును. పైగా ఇండ్లలోని పెట్టెలు బొమ్మ అంచులను కొంత దాచివేయును గనుక అంచునకు దూరముగా వ్రాయవలెను. ఇన్ని నియమములకు లోబడియు చూడచక్కని తెలుగును తెరకెక్కించిన ఆ కళాకారులు ఎట్టి సన్మానమునకైనను అర్హులు.

ప్రసారము నడుమ తెగినప్పుడు తెరపై నిలిపెడి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అను ఫలకమును ఎఱుగని తెలుగువాడు ఆ తరమున లేడు. అదియు విరామమే, కాని ఎప్పుడు ముగియునో తెలియని విరామము; పది సెకండ్లు కావచ్చును, పది నిమిషములు కావచ్చును. దానిని ఎదుట నుంచుకొని పంతులు ఏ మాటను మొదలుపెట్టును? కాలము తెలిసిన ఖాళీకిని తెలియని ఖాళీకిని గల అంతరమును గ్రహింపగోరువారు తరగతి నిండ పిల్లలతో ఈ ఫలకము నెదుట కూర్చుండిన చాలును.

తరువాతి చరిత్ర వేగముగా నడచినది. 1983లో ఇన్సాట్-1బి, 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి దేశవ్యాప్త తరగతిగది, 2000 జనవరి 26న జ్ఞానదర్శన్, 2004లో శ్రీహరికోటనుండి ఎగసిన ఎడ్యుశాట్, 2017లో స్వయంప్రభ. 2020లో బడులు మూతపడినప్పుడు జూలైలో సహ్యాద్రి ఛానలుపై మరాఠీ ‘టిలీమిలీ’యు, సెప్టెంబరు 1 నుండి యాదగిరి ఛానలుపైనను టీ-శాట్‌పైనను తెలంగాణ తరగతులును మొదలైనవి. ఉపగ్రహకిరణమునకు గోదావరి యెల్ల కాదు. ఇంటిపై గొడుగున్న మా ఊరి పిల్లలకు రెండును అందినవి. పాఠ్యప్రణాళిక తమది కాకున్నను తెలుగు పాఠమును చెవియొగ్గి విని, అదే సంగతి మరాఠీలో వచ్చినప్పుడు సులువుగా పట్టుకొన్న పిల్లలను నేనెఱుగుదును.

నేడు కార్యక్రమములు సర్వరునుండి క్షణములో వెలువడును. చక్రములు వేగమందుకొనుటకై ఆగనక్కఱలేదు. యంత్రమునకు విరామమక్కఱ తీరినంతనే పిల్లలకును తీరినదని లోకమెల్ల తలచినట్లున్నది. అందుచే దేశదేశముల విద్యాప్రసారములందు ఒక పాఠపు చివరిమాటకు మఱుపాఠపు మొదటిమాట అంటుకొనిపోవుచున్నది. కాదేని ఆ నడుమ ప్రచారచిత్రములు గట్టిగా మ్రోగుచున్నవి. సెల్‌ఫోనులో పాఠమును ఎవరికి వారు ఆపుకొనవచ్చును గదా యని అందురు. నిజమే, ఒంటరి విద్యార్థికి అది చాలును. నలుబదిమంది ఒక్క తెరను చూచుచోట ఎవరో ఒకరు ఆపిన పాఠము కేవలము ఆగును. అందఱును కలిసి ఎదురుచూచుట అందులేదు. కలిసి ఎదురుచూచిన తరగతికి కలిసి వినుట సులభము.

తెలుగు పాఠములను ప్రసారము చేయువారిని, మరాఠీ పాఠములను ప్రసారము చేయువారిని నేను కోరునది యిది: పాఠమునకు పాఠమునకు నడుమ ఒక విరామచిత్రమును మరల నిలుపుడు. అది ప్రతిదినమును ఒక్కటియే కావలెను. చదువురాని పసివానికిని మిగిలిన కాలమును తెలుపవలెను. వాద్యము పంతులు కంఠముకంటె మెల్లగా నుండవలెను. రానున్న తరగతి పేరును పాఠము పేరును అందు ఆద్యంతము నిలుపవలెను, చివర మెఱుపువలె చూపిన ప్రయోజనము లేదు. దాని నిడివిని మాత్రము స్టూడియోలో నిర్ణయింపవలదు. ఏదేని మారుమూల జిల్లా పరిషత్ బడికి గడియారముతో వచ్చి, మూడవ తరగతి లేచి నాలుగవ తరగతి కూర్చుండి పంతులు నాలుగు మాటలు చెప్పుటకు ఎంతసేపు పట్టునో కొలిచి, అంత నిడివి నుంచుడు.