ఇంకా కాదమ్మా

లేబర్ రూము గోడ గడియారానికి సెకన్ల ముల్లు ఉండి తీరాలి. బిడ్డ పుట్టిన నిమిషం జాతకానికి కావాలి కదా, అందుకని బయట బెంచీ మీది నానమ్మలు అనుకుంటారు. ఆ నిమిషం మేమూ రాసుకుంటాం. కానీ ముల్లుతో మాకు పని అంతకు ఎన్నో గంటల ముందే మొదలవుతుంది. ఒక చెయ్యి పొట్ట మీద, కళ్లు గడియారం మీద పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పొట్ట ఎప్పుడు బిగిసింది, ఎన్ని సెకన్లు బిగిసి ఉంది, వదిలాక మళ్లీ ఎప్పుడు బిగిసింది. అంతే. చూసేవాళ్లకు నర్సు ఖాళీగా కూర్చున్నట్టుంటుంది. తెలంగాణ సర్కారు దవాఖానాల్లో నా ఉద్యోగం చాలావరకు అలా ఖాళీగా కూర్చోవడంలోనే గడిచింది.

"మేడం, నొప్పులైతున్నయ్. గట్టిగ పట్టుకుంటది, మళ్ల ఇడుస్తది." ఏడో నెలలో ఎండకు నడిచొచ్చిన పిల్లా ఇదే మాట చెబుతుంది. ఇంకో గంటలో కనబోయే మనిషీ ఇదే చెబుతుంది. మాటను బట్టి తేల్చలేం, అరుపును బట్టి అసలే తేల్చలేం. పళ్లు బిగబట్టి చప్పుడు లేకుండా, గర్భసంచి ముఖద్వారం ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకునేదాకా వచ్చేవాళ్లుంటారు. ఒక్క సెంటీమీటరు కూడా తెరుచుకోకుండా ఊరంతా వినబడేలా ఏడ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లది నాటకం అని మా వాళ్లలోనే కొందరు విసుక్కునేవారు. నాకు ఆ విసుగు ఎప్పుడూ నచ్చలేదు.

గర్భసంచి అంటే కండరం. నెలలు నిండేదాకా అది నిద్రపోతూ ఉండదు. సగం నెలలు గడిచేసరికే అప్పుడప్పుడు బిగుసుకుంటూ, వదులుతూ ఉంటుంది. తొలిచూలులో చాలామంది దీన్ని పోల్చుకోరు, పొట్ట రాయిలా అయిందనో బిడ్డ ఒక పక్కకు ముడుచుకుందనో అంటారు. లండన్ గైస్ హాస్పిటల్ డాక్టరు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ 1872లో వీటి గురించి రాశాడు కాబట్టి వైద్య పుస్తకాల్లో ఆయన పేరే స్థిరపడింది. ఆయన వీటిని వాడుకున్నది పురుడు ఎప్పుడో చెప్పడానికి కాదు, గర్భమో కాదో తేల్చడానికి. స్కానింగులు లేని రోజులవి. కడుపులో పెరుగుతున్నది గడ్డా, గర్భమా? చెయ్యి ఆనించి ఓపిగ్గా కూర్చుంటే, గర్భమైతే కాసేపటికి బిగుస్తుంది, వదులుతుంది. ఆయన చెప్పిన ఆ కూర్చోవడమే ఇప్పటికీ మా పని.

చెయ్యి ఎక్కడ పెట్టాలన్నది మొదటి పాఠం. బొడ్డు కింద కాదు, పొట్ట పైభాగాన. అసలు నొప్పిలో బిగువు అక్కడ మొదలై కిందికి పాకుతుంది. అరచేత్తో అదమకూడదు, వేళ్ల కొసలు ఆనించాలి. నొక్కితే ముక్కు కొసలా లోపలికి పోతే చిన్న నొప్పి, గడ్డంలా ఉంటే ఓ మాదిరి, నుదురులా అసలు లొంగకపోతే గట్టి నొప్పి. నర్సింగ్ స్కూల్లో నేర్పిన ఈ కొలతకు ఇంతవరకు నాకు మెరుగైనది దొరకలేదు. ఇంకో విశేషం, బిగువు మొదలైన సంగతి ఆమెకు నొప్పిగా తెలిసే లోపే వేళ్లకు తెలుస్తుంది. ఇప్పుడు పొట్టకు బెల్టు కట్టి కాగితం మీద గీత గీసే మిషన్లు వచ్చాయి. గీత కొండలా లేస్తే చుట్టాలు హడలిపోతారు. ఆ బెల్టు నొప్పి ఎంతసేపటికి ఒకసారి వస్తోందో చెబుతుంది గానీ ఎంత గట్టిదో చెప్పలేదు. బెల్టు బిగించి కడితే కొండ పెద్దది, వదులుగా కడితే చిన్నది.

ఇక లెక్క. ఇంట్లోవాళ్లు ఒక నొప్పి ఆగిన దగ్గర్నుంచి ఇంకోటి వచ్చేదాకా లెక్కపెడతారు. మేం ఒకదాని మొదలు నుంచి ఇంకోదాని మొదలు దాకా లెక్కపెడతాం. ఈ తేడాతోనే ఐదు నిమిషాలు నాలుగైపోతాయి. అసలు నొప్పులకు ఒక వరస ఉంటుంది: ఎడం తగ్గుతుంది, నిడివి పెరుగుతుంది, బిగువు పెరుగుతుంది. నడుములో పుట్టి ముందుకు చుట్టుకొస్తున్నట్టు ఆమెకు తెలుస్తాయి. నడిచినా, పడుకున్నా, నీళ్లు తాగినా మానవు. ఉత్త నొప్పులకు ఆ వరస ఉండదు. ఎనిమిది నిమిషాలకు ఒకటి, తర్వాత ఇరవైకి, తర్వాత అయిదుకు, ఆపైన మధ్యాహ్నమంతా ఏమీ ఉండదు. ఒంటికి పోసుకుని వచ్చి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే చాలాసార్లు సద్దుమణుగుతాయి. మే నెలలో మా వార్డుకు వచ్చేవాళ్లలో ఎంతోమందికి రెండు గ్లాసుల నీళ్లే మందు. ఒంట్లో నీరు తగ్గితే గర్భసంచి చిరాకుపడుతుంది.

ఇదే పరీక్ష మన అమ్మమ్మలు జీలకర్ర కషాయంతో చేసేవారు. కషాయం తాగాక నొప్పి తగ్గితే సూది నొప్పి, అంటే ఉత్తది, పెరిగితే పురుడు. జీలకర్రలో ఏముందన్న సంగతి పక్కన పెట్టండి. ఒక లోటాడు వేడి ద్రవం లోపలికి పోయింది, ఒక గంట గడిచింది. ఆ గంట విలువైనది. కషాయంతో నాకు పేచీ లేదు. ఆముదంతో ఉంది. నొప్పులు రాకపోతే రప్పించాలని ఆముదం పట్టించి, విరేచనాలతో నీరసించి పోయిన పిల్లను ఆటోలో వేసుకొస్తారు. పేగులు మెలిపెట్టేది ఏదో, గర్భసంచి బిగిసేది ఏదో అప్పుడు దేవుడికే తెలియాలి.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లో రెండు గడుల పట్టికగా ఉంటుంది, ఇటు అసలువి, అటు ఉత్తవి. వార్డులోకి వచ్చేవాళ్లలో సగంమంది ఈ రెండు గడులకీ చెందరు. నొప్పులు నిజంగానే ఉంటాయి, రాత్రంతా నిద్ర లేదు, ఆరేడు నిమిషాలకొకటి వస్తున్నాయి. పరీక్ష చేస్తే గర్భసంచి ముఖద్వారం రెండు సెంటీమీటర్లు. నాలుగు గంటలాగి చూస్తే అవే రెండు, కాకపోతే కొంచెం పలచబడింది. తొలికాన్పులో ద్వారం ముందు పలచబడుతుంది, తర్వాత తెరుచుకుంటుంది. పలచబడటం అంటే పని జరుగుతున్నట్టే, కాగితం మీద అంకె మారలేదు గానీ. అందుకే రెండు పరీక్షలూ ఒకే చేత్తో జరగాలంటాను. డ్యూటీ మారి ఇంకో సిస్టర్ చూస్తే ఆవిడ రెండు నా రెండు కాకపోవచ్చు.

ఈ దశ ఎంతసేపు ఉండాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల్లో దీనికి గడువు పెట్టలేదు, మనిషి మనిషికీ చాలా తేడా ఉంటుందంది. జోరందుకున్న పురుడుగా లెక్కపెట్టేది అయిదు సెంటీమీటర్ల నుంచి అంది. మేం ఏళ్ల తరబడి పార్టోగ్రాఫ్, అంటే పురుడు ఎంత సాగిందో చూపే గీత, గీయడం మొదలుపెట్టింది నాలుగు దగ్గర. అంతకు ముందే గీత మొదలుపెడితే, ఏ తప్పూ లేని పురుడు కూడా ఆలస్యమైనట్టే కనిపిస్తుంది. డబ్లిన్ నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్‌లో కీరన్ ఓ డ్రిస్కాల్ అనే డాక్టరు, పురుడు మొదలైందా లేదా అన్న నిర్ణయమే అన్నిటికన్నా ముఖ్యమని వాదించాడు. ఆ తర్వాత ఆయన చేయించిన పనులు, ఉమ్మనీటి సంచి చింపడం, డ్రిప్‌తో తరమడం, నాకు రుచించవు. ఈ ఒక్క మాటకు మాత్రం దండం పెడతాను.

ఎందుకంటే తప్పుగా మొదలుపెట్టిన లెక్క ఎక్కడికి పోతుందో కళ్లారా చూశాను. రెండు సెంటీమీటర్ల దగ్గర చేర్చుకుంటారు. మంచం ఎక్కించి సెలైన్ పెడితే ఇక నడక ఉండదు. సాయంత్రానికి చుట్టాలు అడగడం మొదలుపెడతారు. డ్రిప్‌లో ఆక్సిటోసిన్ కలుపుతారు. ద్వారం మెత్తబడకుండా నొప్పులు ఎంత పెంచినా ఏం లాభం? రాత్రికి కేస్ షీటులో 'ముందుకు సాగడం లేదు' అని రాసి థియేటర్‌కు తీసుకుపోతారు. అలా రాసిన షీట్లలో కొన్నింట పురుడు అసలు మొదలే కాలేదని నా అనుమానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ముహూర్తాల పిచ్చి, పాత ఆపరేషన్లు, డబ్బు, భయం, కారణాలు చాలా ఉన్నాయి. ఆగలేకపోవడం కూడా వాటిలో ఒకటి, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అలాగని అందరినీ ఇంటికి పొమ్మనడం కుదరదు. పక్క వీధి నుంచి వచ్చిన మనిషికి "ఇంకా కాదమ్మా, తిని పడుకుని రా" అనొచ్చు. రెండు బస్సులు మారి వచ్చిన మనిషికి అంటే అది తరిమేయడమే. రెండో కాన్పయితే ద్వారం పలచబడటం, తెరుచుకోవడం ఒకేసారి జరిగిపోతాయి, దారిలోనే కనేయొచ్చు. విజయనగరం వైపు కొండల నుంచి డోలీల్లో మోసుకొచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడి సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. నెలలు నిండుతుండగానే వచ్చి ఉండొచ్చు, ఉత్త నొప్పి వచ్చినా అసలుది వచ్చినా ఆస్పత్రి దగ్గరే. ప్రతి పెద్ద దవాఖానా పక్కన అలాంటిది ఒకటి ఉండాలి, మైదానాల్లో కూడా. వార్డు మంచానికీ ఇంటికీ మధ్య ఒక చోటు. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. వాళ్లకు ఈ ఆగడం చేతనవుతుంది. వాళ్లను ఇంజెక్షన్ల గదిలోకి మార్చకుండా ఉంటే చాలు.

లెక్క పెడుతూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. 37 వారాలు నిండకముందు గంటలో నాలుగుసార్లు పొట్ట బిగిస్తే, నొప్పి లేకపోయినా బయల్దేరాలి. 34 వారాల లోపయితే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు వెయ్యాలి, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. ఉమ్మనీరు పోయినా, అందులోనూ పచ్చగా ఉంటే మరీ, నొప్పుల కోసం ఎదురుచూడొద్దు. జిగురులో నెత్తురు చార మామూలే, నెత్తురే పోతే మామూలు కాదు. బిడ్డ కదలిక తగ్గినా, ముందు కాన్పు ఆపరేషనైనా ఆగకూడదు. పొట్ట బిగిసి వదలకపోతే ఇంక ఆలోచనే వద్దు. అసలు నొప్పయినా ఉత్త నొప్పయినా మధ్యలో వదలాలి. వదలనిది ఆ రెండూ కాదు, 108కి ఫోన్ చెయ్యాల్సింది.

ఈ మధ్య డాలస్‌లో కూతురి పురిటికని వెళ్లిన మా వదిన అర్ధరాత్రి ఫోన్ చేసింది. "దవాఖానాకు పోతే చూసి తిరిగి పంపిచ్చిన్రు వదినా, ఇన్సూరెన్స్ ఉన్నా పంపిచ్చిన్రు!" అయిదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తే రమ్మన్నారట. ఎంతకొకటి వస్తున్నాయని అడిగాను. ఏడుకొకటి, ఒక్కోసారి పన్నెండుకు. ఉమ్మనీరు? లేదు. బిడ్డ తిరుగుతోందా? బాగా తిరుగుతోంది. పిల్ల ఏం చేస్తోంది? హాల్లో నడుస్తూ ఎవరితోనో ఫోన్లో నవ్వుతోంది.

"మన దగ్గరైతే చేర్చుకునేటోళ్లు గదా?"

చేర్చుకునేటోళ్లే వదినా, అన్నాను. పిల్లకు ఇంత పెరుగన్నం కలిపి పెట్టి పడుకోబెట్టమన్నాను.