ఇరువది యొకటవ దినము: పాఠ్యపుస్తకములోని బొమ్మపై ఒక విమర్శ

ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 12వ తరగతి జీవశాస్త్ర పుస్తకములో మానవ పునరుత్పత్తిని గూర్చిన ప్రకరణమున్నది. అందు స్త్రీ ఋతుచక్రమును తెలుపు బొమ్మ యొకటి కలదు. చక్రమంతయు 28 దినములు. నడుమ, సుమారు 14వ దినమున, అండము విడుదల యగును. ఆపైన ప్రొజెస్టిరోను రేఖ గుట్టవలె లేచి, చివర దిగిపోవును. బొమ్మ చక్కనిదే. ఏటేట నేను దానిని నల్లబల్లపై గీసి చెప్పుచున్నాను. దానిలో ఒక లోపమున్నదని నాకు తరగతిలో తెలియలేదు. అంబాజీపేటలో మా ఇంటి అరుగుమీద తెలిసినది.

పెండ్లియై రెండేండ్లయిన నా పూర్వ విద్యార్థిని యొకతె రక్తపరీక్ష కాగితము తెచ్చి చూపినది. పరీక్ష చేసినది 21వ దినమున. ప్రొజెస్టిరోను మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కంటె తక్కువ. "నాకు ఆ హార్మోను లేదంటండి మేడమ్. లోపం నాదేనని మా అత్తగారు తేల్చేశారు" అన్నది. నీకు నెల ఎన్ని దినములకు వచ్చునని అడిగితిని. "ముప్పై అయిదు రోజులకండి" అన్నది.

ఆ ఒక్క మాటతో కాగితమునకు అర్థమే మారిపోయినది. ఎట్లో చూతము.

అండము విడుదలైన పిదప, అది వెలువడిన పుటిక కార్పస్ లూటియమ్ అను పసుపు పచ్చని గ్రంథిగా మారును. ప్రొజెస్టిరోను పుట్టునది ముఖ్యముగా అక్కడనే. గర్భాశయపు లోపలి పొరను పిండము నాటుకొనుటకు తగినట్లు సిద్ధపరచుట దాని పని. 1929లో అమెరికాలో కార్నర్, ఆలెన్ అను శాస్త్రజ్ఞులు అండాశయములు తొలగించిన కుందేళ్లకు ఈ గ్రంథి సారము నిచ్చి గర్భము నిలుపగలిగిరి. కావున అండము విడుదల కాకముందు ప్రొజెస్టిరోను తక్కువగా నుండుట రోగము కాదు, ప్రకృతి.

ఈ పరీక్షను రాబోవు ఋతుస్రావమునకు సుమారు 7 దినములు ముందు చేయవలెను. 28 దినముల చక్రము గల స్త్రీకి అది 21వ దినమగును. 35 దినముల స్త్రీకి 28వ దినము. మా విద్యార్థినికి 21వ దినమున అండము అప్పుడప్పుడే విడుదల యగుచుండి యుండవచ్చును. విత్తు నాటిన నాడే కోతకు పోయి, పంట లేదన్నట్లున్నది ఈ తీర్పు!

పుస్తకములో "సగటున", "సుమారు" అను మాటలున్నవి. ఆ న్యాయము చేయవలసినదే. కాని విద్యార్థి మనసులో నిలుచునది మాట కాదు, బొమ్మ. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 6 లక్షలకు పైగా ఋతుచక్రములను పరిశీలించిరి. సగటు 29.3 దినములు. అండము విడుదలకు ముందరి భాగము సగటున 16.9 దినములు, తరువాతి భాగము 12.4 దినములు. హెచ్చుతగ్గులు ముందరి భాగమందే ఎక్కువ. బొమ్మ ఈ సంగతిని చెప్పదు.

మరియొక సంగతి. ప్రొజెస్టిరోను రక్తములోనికి అలలు అలలుగా వచ్చును. ఒకే స్త్రీలో, గంటన్నర వ్యవధిలోనే, కొలత అనేక రెట్లు మారవచ్చును. సరియైన దినమున 3 నానోగ్రాములు దాటినచో అండము విడుదలైనదని వైద్యులు గ్రహింతురు. అంతకు మించి ఒక్క అంకెతో జాతకము చెప్పరాదు. ప్రొజెస్టిరోను కొరతయే సంతానలేమికి స్వతంత్ర కారణమని రుజువు కాలేదని అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘము 2021లో ప్రకటించినది. సరియైన దినముననే తక్కువగా నున్నచో, అండము విడుదల కాలేదేమోనని శంకించి, థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండాశయపు నీటితిత్తుల స్థితి మున్నగువానిని వెదుకవలెను. అనగా ఆ కొరత తరచుగా ఫలితము, మూలకారణము కాదు.

2019 సెప్టెంబరులో నాటి తూర్పు గోదావరి జిల్లాకు చెందిన, 70 ఏండ్లు దాటిన ఒక స్త్రీ గుంటూరులో కవల ఆడశిశువులను కన్నది. పత్రికలు దానిని అద్భుతమనెను. అందలి శాస్త్రమేమి? ముట్లుడిగిన గర్భాశయమును సయితము బయటినుండి ఇచ్చిన హార్మోనులతో సిద్ధపరచవచ్చును. కాని అండమును హార్మోను సృష్టింపలేదు. అది వేరొక స్త్రీ దానము చేసినది. పక్క పరచుట వేరు, అతిథి వచ్చుట వేరు. తరువాత 2021లో వచ్చిన చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లు పరిమితిగా విధించినది.

మా ప్రాంతపు కొబ్బరి రైతు పిందె రాలినప్పుడు చెట్టును తిట్టి ఊరకుండడు. నీరు, ఎరువు, పురుగు, పరాగము, అన్నిటిని విచారించును. ఆ పాటి విచారణ కోడలికి దక్కవద్దా? సంతానము కలుగని దంపతులలో సుమారు సగముమందిలో పురుషుని వైపు కారణము కూడ ఉండును. వీర్యపరీక్ష సులభమైనది, కోత లేనిది. అయినను అది చివరకు జరుగును, లేదా జరుగదు. భార్యాభర్తలిద్దరిని ఒకేసారి పరీక్షింపవలెను. ఏడాది ప్రయత్నించినను గర్భము రానప్పుడు, స్త్రీకి 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలకే, వైద్యుని చూడవలెను.

ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. ఆ బొమ్మ గీయునప్పుడు దాని ప్రక్కనే 35 దినముల చక్రమును గూడ గీయుడు. అండము విడుదల దినము కుడివైపునకు జరుగును; ప్రొజెస్టిరోను గుట్టయు దానితో జరుగును. అందుకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములు నేను ఆ తరగతిలో వెచ్చించి యుండినచో, ఆ పిల్ల కాగితము పట్టుకొని మా అరుగుమీద ఏడ్చి యుండెడిది కాదు. ఆమెను 28వ దినమున మరల పరీక్ష చేయించుకొమ్మని, భర్తను వెంట తీసికొని పొమ్మని చెప్పి పంపితిని.