గీయని బొమ్మ, కట్టని పాట

యానిమే, అంటే జపాన్ యానిమేషన్ చిత్రాల నుంచి దృశ్యాలను ఏరి, వాటి మాటలను తొలగించి, మరెక్కడో పుట్టిన పాటకు అతికేలా అభిమానులు కూర్చుకునే చిన్న వీడియోను యానిమే మ్యూజిక్ వీడియో అని, క్లుప్తంగా ఏఎంవీ అని పిలుస్తారు. ఈ ప్రక్రియకు ఆద్యుడిగా చెప్పే అమెరికన్ అభిమాని జిమ్ కపోస్టాస్ 1982లో రెండు వీసీఆర్‌లను కలిపి, ‘స్టార్ బ్లేజర్స్’ అనే యానిమే ధారావాహికలోని భీకర ఘట్టాలకు బీటిల్స్ బృందం పాడిన ‘ఆల్ యు నీడ్ ఈజ్ లవ్’ను జతచేశారు. బొమ్మలు ఆయన గీసినవి కావు, పాట ఆయన కట్టినది కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టడంలోని వ్యంగ్యం మాత్రమే ఆయనది. సమస్యాపూరణంలో ఇచ్చిన పాదాన్ని మార్చకుండానే పద్యాన్ని సాధించవలసిన అవధాని వలె, ఏఎంవీ కూర్చేవారు కూడా తమది కాని సామగ్రి నుంచి తమదైన అర్థాన్ని రాబట్టవలసి ఉంటుంది.

ఈ సాధనలో తొలి పాఠం లయ. యానిమే సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 నిశ్చల చిత్రాలతో నడుస్తుంది కనుక, నిమిషానికి 120 దెబ్బలున్న పాటలో ప్రతి 12 ఫ్రేములకు ఒక దెబ్బ పడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట తరంగరూపం కంటికి కనిపిస్తుంది కాబట్టి, ఆ దెబ్బలకు దృశ్యాలను మార్చడం త్వరగానే పట్టుబడుతుంది. అయితే ప్రతి దెబ్బకూ కట్ పడితే తరువాతి కట్ ఎప్పుడో ముందే తెలిసిపోయి, చూసేవారికి దృశ్యంపై ధ్యాస తగ్గుతుంది. అందుకే సాధకులు ‘ఇంటర్నల్ సింక్’ వైపు, అంటే దృశ్యం లోపలి కదలికనే పాటతో కలిపే పద్ధతి వైపు మళ్లుతారు.

ఈ పద్ధతికి యానిమే స్వభావమే తోడ్పడుతుంది. 1963లో జపాన్ కార్టూనిస్టు ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ యానిమేను వారంవారం టీవీకి అందించేటప్పుడు, ఖర్చునూ సమయాన్నీ తగ్గించుకోవడానికి ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపే పరిమిత యానిమేషన్‌ను ఆశ్రయించారు, ఆ లెక్కన సెకనుకు ఎనిమిది బొమ్మలు చాలు. ఇలాంటి చిత్రణలో కదలిక మెట్లుమెట్లుగా సాగుతుంది కాబట్టి, కత్తి తాకిన ఫ్రేము, రెప్ప వాలిన ఫ్రేము స్పష్టంగా దొరుకుతాయి. ఆ ఫ్రేమును డ్రమ్ము దెబ్బ కింద ఉంచితే పాత్ర ఆ పాటను వింటున్నదన్న భ్రమ కలుగుతుంది.

అదే స్వభావం అడ్డంకి కూడా అవుతుంది. అటువంటి దృశ్యాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక్కో బొమ్మ ఆరు ఫ్రేములు, అంటే పావు సెకను నిలిచి, కదలిక కుదుపులుగా మారుతుంది. మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తే గీతలు అలుక్కుపోతాయి. మాటలు తీసేసినా పాత్రల పెదవులు ఆడుతూనే ఉంటాయి కనుక, ఆ భాగాన్ని కత్తిరించడమో, మాస్కింగ్ ద్వారా, అంటే ఫ్రేములోని ఒక భాగాన్ని విడదీసి దాన్ని మాత్రమే మార్చడం ద్వారా, నోటిని మూసి ఉంచడమో చేయాలి. ఎఫెక్టులు ఎన్ని నేర్చినా, సరైన దృశ్యాన్ని వెతికిపట్టడం కంటే మేలైన పరిష్కారం తరచు దొరకదు. అందువల్ల సాధకుల శ్రమలో పెద్ద భాగం చూసిన చిత్రాన్నే మళ్లీ చూడడానికి, ఏ పాత్ర ఎటు తిరుగుతుందో, ఏ కదలిక ఏ దిశలో సాగుతుందో గుర్తుపెట్టుకోవడానికి పోతుంది.

బొమ్మకూ పాటకూ హక్కుదారులు వేరే ఉండటం వల్ల ఈ అభిరుచి ఎప్పుడూ చట్టం అంచున నడుస్తుంది. 2010లో అమెరికాలో వాణిజ్యేతర వీడియోల కోసం డీవీడీల రక్షణ తాళాన్ని దాటడానికి ఇచ్చిన మినహాయింపు, విమర్శ కోసమో వ్యాఖ్య కోసమో చిన్న భాగాలను వాడుకునేవారికే పరిమితమైంది. ఆ షరతు చట్టానిదే అయినా, ప్రతి సాధకుడూ తన పని పట్ల వేసుకోదగిన ప్రశ్న అందులో ఉంది: ఈ కూర్పు మూలచిత్రం చెప్పని మాట ఏదైనా చెబుతున్నదా, లేక దాని మీది ఇష్టాన్ని లయబద్ధంగా వల్లిస్తున్నదా? కట్‌లన్నీ లెక్కతప్పకుండా పడిన వీడియో కూడా ఈ ప్రశ్న దగ్గర తేలిపోవచ్చు.